వరదకు చోటు, పక్షికి నీరు: కొల్లేరు పునరుద్ధరణలో క్షేత్ర జీవావరణ శాస్త్రవేత్త పాత్ర

చిత్తడి నేలలను కాపాడితే వరదలు తగ్గుతాయన్న మాట ఇటీవల తరచుగా వినవస్తున్నది. ఈ మాట నిజమే కాని, సగం నిజం. పక్షులకు, చేపలకు నీరు నిలిచి ఉండాలి. వరదను అడ్డుకోవాలంటే నీరు చేరడానికి ఖాళీ చోటు ఉండాలి. ఒకే సరస్సు ఒకే సమయంలో నిండుగానూ, ఖాళీగానూ ఉండజాలదు. ఈ రెండు అవసరాలను ఏ నెలలో, ఏ మట్టం వద్ద, ఏ మేరకు కలపవచ్చునో కొలతల ద్వారా తేల్చి చెప్పడమే క్షేత్ర జీవావరణ శాస్త్రవేత్త ప్రధాన కర్తవ్యం. కొల్లేరు సరస్సును ఉదాహరణగా తీసుకొని ఆ పని స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కొల్లేరు సహజ స్వరూపం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ సహజంగా ఏర్పడిన పల్లపు ప్రాంతం కొల్లేరు. రెండు నదులు తెచ్చిన ఒండ్రు రెండు వైపులా మెరక వేయగా, మధ్యలో మిగిలిన పళ్లెం వంటి ఈ భూమిలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి వాగులు, ఆయకట్టు మురుగు కాలువలు వచ్చి చేరతాయి. నీరు సముద్రానికి చేరడానికి ఉన్న ప్రధాన మార్గం ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్ల పొడవున, అతి తక్కువ వాలుతో మెలికలు తిరుగుతూ సాగే ఈ ఏరు బంగాళాఖాతంలో కలుస్తుంది. రావడానికి దారులు అనేకం, పోవడానికి దారి ఒక్కటి కావడం వలన వరద వచ్చినప్పుడు నీరు సరస్సులో కొంతకాలం నిలిచి, నెమ్మదిగా వెళ్లవలసిందే. ఈ కారణం చేతనే కొల్లేరును సహజ వరద నియంత్రణ జలాశయంగా పరిగణిస్తారు.

సరస్సు విస్తీర్ణాన్ని సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున నీరు ఉన్నదన్న లెక్కతో చెప్పడం ఇక్కడి వాడుక. ప్లస్ 5 అడుగుల కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తించినప్పుడు 901 చదరపు కిలోమీటర్లను ఆ పరిధిలోకి తీసుకున్నారు. కాంటూరు అనేది పటం మీద గీత మాత్రమే కాదు. ఆ గీత ఎక్కడ ఉండాలన్న దాని మీదనే రైతుల, మత్స్యకారుల జీవనం, గ్రామాల భద్రత ఆధారపడి ఉన్నాయి. అభయారణ్య పరిధిని ప్లస్ 5 నుండి ప్లస్ 3కు తగ్గించాలన్న వాదం ఏళ్ల తరబడి సాగడానికి కారణమిదే.

ఒక అడుగు నీటి విలువ

ఈ వివాదంలో అడుగు అంటే ఎంతో విద్యార్థులు స్వయంగా లెక్కవేసి చూడవలసి ఉంటుంది. 308 చదరపు కిలోమీటర్ల మీద ఒక అడుగు లోతున నీరు నిలిస్తే దాని పరిమాణం సుమారు 3.3 టీఎంసీలు. ఒక క్యూసెక్కు ప్రవాహం ఒక రోజులో 86,400 ఘనపుటడుగుల నీటిని తెస్తుంది. సరస్సులోకి వచ్చే ప్రవాహం ఉప్పుటేరు ద్వారా బయటకు పోయే ప్రవాహం కంటే 40,000 క్యూసెక్కులు అధికంగా ఉన్నదనుకుంటే, ఒక రోజులో సుమారు 3.5 టీఎంసీలు సరస్సులో మిగిలిపోతాయి. అనగా ప్లస్ 5 మట్టం వద్ద నీరు రోజుకు దాదాపు ఒక అడుగు పెరుగుతుంది.

ఇదే విస్తీర్ణంలో సగభాగాన్ని ఎత్తైన గట్లతో చేపల చెరువులుగా మార్చారనుకుందాం. చెరువులలో అప్పటికే నీరు ఉంటుంది. గట్లు వరదను లోపలికి రానీయవు. అప్పుడు అదే వరద మిగిలిన సగంలో రోజుకు రెండు అడుగుల చొప్పున పెరుగుతుంది. నీరు పక్కలకు వ్యాపించడం, లోతును బట్టి విస్తీర్ణం మారడం వంటి అంశాలను విడిచిపెట్టిన సరళమైన లెక్క ఇది. అయినా ముఖ్య విషయాన్ని చూపడానికి చాలును. గట్టు వేసిన వానికి వచ్చిన లాభం కనిపిస్తుంది. ఆ గట్టు వలన వేరొక ఊరి పొలంలో పెరిగిన నీరు మాత్రం ఎవరి లెక్కలోనూ కనిపించదు.

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన భారీ వర్షాలకు బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. బుడమేరు వరదలో కొంత భాగాన్ని వెలగలేరు వద్ద మళ్లించి, ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణా నదిలోకి పంపే ఏర్పాటు ఉన్నది. కాని ఆ రోజులలోనే బ్యారేజి వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నది నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు అందులోకి వెళ్లడం కష్టం. మళ్లింపు కాలువకు గండ్లు కూడా పడ్డాయి. ఇటువంటి సమయంలో బుడమేరుకు సహజంగా మిగిలే గమ్యం కొల్లేరే. ఎగువనున్న నగరానికీ దిగువనున్న సరస్సుకూ ఉన్న ఈ సంబంధాన్ని పునరుద్ధరణ ప్రణాళికలలో విస్మరించరాదు.

గట్టు తొలగిస్తే పునరుద్ధరణ పూర్తయినట్లేనా?

1970ల దశకంలో మత్స్యకార సహకార సంఘాల కొరకు సరస్సులో చెరువులు తవ్వించడాన్ని ప్రభుత్వమే ప్రోత్సహించింది. తరువాతి దశాబ్దాలలో పెట్టుబడిదారుల చేతులలో ఈ చెరువులు విపరీతంగా విస్తరించాయి. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఆదేశాల మేరకు 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్యంలోని చెరువు గట్లను తెగగొట్టారు. సరస్సులో నీటి కదలికకు అడ్డు తొలగించడంలో అది అత్యవసరమైన మొదటి అడుగు. అయితే కొన్నేళ్లకే పలుచోట్ల చెరువులు మళ్లీ వెలిశాయి.

ఈ అనుభవం నుండి జీవావరణ శాస్త్రపరంగా గ్రహించవలసిన పాఠాలు మూడు. మొదటిది, గట్టుకు గండి కొట్టడం వేరు, నేలను పూర్వపు మట్టానికి తేవడం వేరు. గండి పడిన గట్టు మొండెం, మట్టి తవ్విన గుంత అలాగే మిగిలితే నీరు ఒకచోట నిలిచిపోతుంది, మరొకచోట అసలు చేరదు. రెండవది, గట్టు పోయిన చోట తిరిగి ఏ మొక్క మొలుస్తుందో యాదృచ్ఛికానికి వదిలివేస్తే, ముందుగా ఆక్రమించేది గుర్రపుడెక్కే. మూడవది, చెరువు మీద కూలి చేసి బ్రతికిన కుటుంబానికి సరస్సు మీద బ్రతికే మార్గం చూపనంత కాలం గట్టు మళ్లీ లేవడానికి కారణం అక్కడే ఉంటుంది.

క్షేత్రంలో కొలవవలసినవి

నీటి మట్టం, మునక కాలం: మొదట కొలవవలసింది నీటినే. సరస్సులో వేర్వేరు చోట్ల కొలబద్దలను పాతి, అన్నింటినీ ఒకే ప్రామాణిక ఎత్తుతో ముడిపెట్టాలి. ఈ జాగ్రత్త తీసుకోకపోతే ఒక కొలబద్ద చూపే నాలుగు అడుగులు, మరొకటి చూపే నాలుగు అడుగులు ఒకటి కావు. పూడిక వలన సరస్సు అడుగు ఎత్తు మారుతూ ఉంటుంది గనుక పాత కాంటూరు పటాలను కొత్త కొలతలతో సరిచూడవలసి ఉంటుంది. వర్షాకాలంలో మేఘాల వలన సాధారణ ఉపగ్రహ చిత్రాలు ఉపయోగపడవు. సెంటినెల్-1 వంటి రాడార్ ఉపగ్రహాలు మేఘాల గుండా కూడా నీటి పరిధిని గుర్తించగలవు. కొలబద్దల రీడింగులను, రాడార్ చిత్రాలను కలిపితే ప్రతి గుంట ఏడాదిలో ఎన్ని రోజులు నీటిలో ఉన్నదో తెలిపే మునక కాల పటం తయారవుతుంది. మిగిలిన పరిశీలనలన్నింటికీ ఈ పటమే ఆధారం.

వృక్ష సంపద: ఒడ్డు నుండి లోతు వైపు నేరుగా ఒక గీత అనుకొని, దాని వెంట నిర్ణీత దూరాలలో ఒక చదరపు మీటరు చట్రాన్ని ఉంచి అందులోని మొక్కలను లెక్కించాలి. జమ్ము, కిక్కిస, కలువ, తుంగ, నీటి అడుగున పెరిగే నాచు జాతులు ఎంత లోతు వద్ద, ఎన్ని రోజుల మునకలో స్థిరపడుతున్నాయో దీని వలన తెలుస్తుంది. గుర్రపుడెక్క అనుకూల పరిస్థితులలో రెండు వారాలలోపే తన విస్తీర్ణాన్ని రెట్టింపు చేసుకోగలదు. దాని విత్తనాలు బురదలో అనేక సంవత్సరాలు సజీవంగా ఉండగలవు. అందువలన ఒకసారి తొలగించి వదిలివేసే పద్ధతి ఫలితమివ్వదు.

నేలలోని విత్తన నిల్వ: ఒక చోట మొక్కలు నాటాలా, లేక నీటి మట్టాన్ని సరిచేస్తే వాటంతట అవే మొలుస్తాయా? ఈ ప్రశ్నకు తక్కువ ఖర్చుతో సమాధానమిచ్చే పరీక్ష ఇది. వేసవిలో పలు చోట్ల నుండి పై 5 సెంటీమీటర్ల మట్టిని సేకరించి, వేడిచేసి విత్తనరహితం చేసిన ఇసుక మీద ట్రేలలో పలుచగా పరచాలి. సగం ట్రేలను తేమగా ఉంచి, మిగిలిన సగాన్ని కొద్ది సెంటీమీటర్ల నీటిలో ఉంచాలి. గాలికి వచ్చిపడే విత్తనాలను గుర్తించడానికి ఇసుక మాత్రమే ఉన్న ట్రేలు కొన్ని ఉండాలి. మూడు నాలుగు నెలల పాటు మొలకలను గుర్తించి, లెక్కించి తీసివేయాలి. చెరువుగా మారక ముందటి జాతులు మొలిస్తే నాటే ఖర్చు తప్పుతుంది. కలుపు జాతులే మొలిస్తే అక్కడ నీటి మట్టం ఒక్కటే చాలదని అర్థం.

చేపలు, పక్షులు: కొర్రమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల వంటి నాటు చేపలు తొలి వరదలతో లోతు తక్కువైన కొత్త నీటిలోకి చేరి గుడ్లు పెడతాయి. గట్టు ఈ దారిని మూసివేస్తుంది. గట్టు తొలగిన చోట చేప పిల్లలు కనిపించడం పునరుద్ధరణ పనిచేస్తున్నదనడానికి తొలి సూచనలలో ఒకటి. ఇక పక్షులకు ఒకే లోతు సరిపోదు. ఉల్లంకి పిట్టలకు బురద, కొద్ది అంగుళాల నీరు చాలును. ఎర్రకాళ్ల కొంగ మోకాలి లోతులో నడుస్తూ ఆహారం వెతుకుతుంది. గూడబాతుకు ఈదడానికి తగిన లోతు కావాలి. ఆటపాక వద్ద ఏర్పాటు చేసిన ఇనుప చట్రాల మీద గూడబాతులు గూళ్లు కట్టుకోవడం సందర్శకులను ఆకర్షిస్తున్నది. అయితే చట్రం గూటికి ఆధారమిస్తుందే గాని ఆహారమివ్వదు. కాబట్టి పక్షుల సంఖ్యతో పాటు అవి ఎక్కడ, ఎంత లోతున మేస్తున్నాయో నమోదు చేయడం అవసరం.

నీటి నాణ్యత: కరిగిన ఆమ్లజనిని మధ్యాహ్నం కొలిస్తే పరిస్థితి వాస్తవం కంటే బాగున్నట్లు కనిపిస్తుంది. రాత్రంతా శ్వాసక్రియ జరిగిన తరువాత, తెల్లవారుజామున కొలిచిన విలువే చేపల మనుగడను నిర్ణయిస్తుంది. వేసవిలో సరస్సు మట్టం బాగా తగ్గినప్పుడు ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నే అవకాశమున్నది. అందువలన ఏరు వెంట వరుసగా కొన్ని చోట్ల లవణ సాంద్రతను క్రమం తప్పక కొలవాలి.

నిలపాలా, వదలాలా?

ఈ కొలతలన్నీ చేతిలో ఉన్నప్పుడు మాత్రమే మొదట ప్రస్తావించిన చిక్కును విప్పగలం. పక్షుల కొరకు సరస్సును ఏడాది పొడవునా నిండుగా ఉంచితే, నిలిపిన ప్రతి అడుగూ వరదకు చోటును తగ్గిస్తుంది. వరద కొరకు పూర్తిగా ఖాళీ చేస్తే చేపలు, పక్షులు నశించడమే గాక ఉప్పు నీరు లోపలికి వస్తుంది. పరిష్కారం ఒకే మట్టంలో లేదు, కాలానుగుణమైన మట్టాల క్రమంలో ఉన్నది. నైరుతి రుతుపవనాల ఆరంభానికి తక్కువ మట్టం ఉండాలి. వర్షాకాలంలో వచ్చిన నీటిని వీలైనంత త్వరగా వదులుతూ ఖాళీని కాపాడుకోవాలి. తుఫానుల ముప్పు తగ్గిన తరువాత చివరి నీటిని నిలుపుకొని, వేసవి వరకు నెమ్మదిగా తగ్గనివ్వాలి. ఇలా నెమ్మదిగా తగ్గే నీరే ప్రతి వారం కొత్త బురద అంచును బయటపెట్టి వలస పక్షులకు మేతనిస్తుంది.

ఇందులో క్లిష్టమైనవి అక్టోబరు, నవంబరు నెలలు. వలస పక్షులు వచ్చేదీ, బంగాళాఖాతంలో తుఫానులు లేచేదీ అప్పుడే. ఆ రెండు నెలల్లో ఎంత మట్టం ఉంచాలన్నది అభిప్రాయాలతో తేలేది కాదు. గత వరదల పెరుగుదల వేగం, ఉప్పుటేరు వాస్తవ సామర్థ్యం, పక్షులు మేసే లోతుల లెక్కలను ఒకచోట పెట్టి తేల్చవలసిన విషయం. సందేహం ఉన్నప్పుడు ప్రాణరక్షణకే ప్రాధాన్యమివ్వాలి. పక్షులకు మెరక అంచులలో చిన్న మడుగులను ప్రత్యేకంగా నిలుపుకోవచ్చు. మునిగిన ఊరికి ప్రత్యామ్నాయం లేదు.

ఇటువంటి సమన్వయం సాధ్యమేనని చెప్పడానికి అమెరికాలోని కాలిఫోర్నియాలో శాక్రమెంటో నగరానికి పడమరనున్న యోలో బైపాస్ ఒక నిదర్శనం. సుమారు 59 వేల ఎకరాల ఈ పల్లపు ప్రాంతంలోకి నది పొంగినప్పుడు అదనపు నీరు మళ్లుతుంది. వేసవిలో అక్కడే వరి తదితర పంటలు పండిస్తారు. శీతాకాలపు వరదలో సాల్మన్ చేప పిల్లలు ప్రధాన నదిలో కంటే వేగంగా పెరుగుతాయని అక్కడి పరిశోధనలు తెలిపాయి. నీటి పక్షులకూ అది ఆశ్రయం. ఆ పొలాల మీదుగా వరదను పంపే హక్కు చట్టబద్ధంగా ప్రభుత్వానికి ఉన్నది. అయితే దీనిని యథాతథంగా అనుకరించరాదు. అక్కడ వరద శీతాకాలంలో వస్తుంది, పంట వేసవిలో ఉంటుంది. కొల్లేరు చుట్టూ వరద సరిగ్గా సార్వా పంట మీదనే వచ్చిపడుతుంది. మనం గ్రహించవలసింది ఆ ఏర్పాటులోని సూత్రాన్నే: వరదకు ఇచ్చే చోటును ముందుగా నిర్ణయించి, దానికి చట్టబద్ధత కల్పించి, ఆ చోటులో వరదతో సహజీవనం చేయగల సాగును ఎంచుకోవాలి.

మొక్క ఎక్కడ ఉండాలి?

మొక్కలు ఉంటే ప్రవాహం ఆగుతుందని ఇంజినీరు, మొక్కలు లేనిదే జీవావరణం లేదని జీవశాస్త్రవేత్త వాదించడం కద్దు. ఇద్దరి మాటా సరైనదే, స్థలం మాత్రం వేరు. కాలువలో నీటి వేగం ఉపరితల గరుకుదనానికి విలోమానుపాతంలో ఉంటుందని మానింగ్ సూత్రం తెలుపుతుంది. లోతు, వాలు మారకుండా గరుకుదనం విలువ 0.03 నుండి 0.06కు పెరిగితే వేగం సగానికి పడిపోతుంది. కాబట్టి నీటిని మోసే ఉప్పుటేరులో, వాగుల ముఖద్వారాలలో, వంతెనల కింద గుర్రపుడెక్క, జమ్ము పేరుకోనీయరాదు. నీటిని నిలిపే సరస్సు గర్భంలో వేగం ముఖ్యం కాదు గనుక అక్కడ మితంగా ఉన్న మొక్కల వలన హాని స్వల్పం. ఒడ్డు అంచులలో కిక్కిస వంటివి అలల తాకిడిని తగ్గించి, వచ్చే ఒండ్రును వడకడతాయి. మోసే చోటు, నిలిపే చోటు, అంచు అని మూడు మండలాలుగా విభజించి పని చేస్తే ఈ వాదులాట చాలావరకు సమసిపోతుంది.

పొలానికి ఉపయోగం

మునక కాల పటం పక్షులకే కాక వరి రకాల ఎంపికకూ ఉపకరిస్తుంది. మారుటేరు పరిశోధనా కేంద్రం 1982లో అందించిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, దేశమంతటా వ్యాపించిన రకం. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అనే నాటు రకం నుండి సబ్-1 జన్యువును దీనిలోకి ప్రవేశపెట్టి స్వర్ణ సబ్-1ను రూపొందించారు. పెరుగుదల దశలో సుమారు రెండు వారాల పాటు పూర్తిగా మునిగినా, పైరు పెరుగుదలను నిలిపివేసి శక్తిని పొదుపు చేసుకొని, నీరు తీసిన తరువాత తిరిగి కోలుకోగలగడం దీని విశేషం. కాని మోకాలి లోతు నీరు వారాల తరబడి నిలిచే చోట ఈ గుణం అంతగా ఉపయోగపడదు. అక్కడ పైరు నీటికి పైన నిలిచేలా పొడవు పెరగవలసి ఉంటుంది. వచ్చి త్వరగా పోయే వరద ఏ పొలాలది, నిలిచిపోయే వరద ఏ పొలాలది అన్నది తెలియకుండా రకాన్ని సిఫారసు చేయడం ఊహ మీద ఆధారపడడమే. ఏటా నెలకు మించి నీరు నిలిచే అతి పల్లపు భూములలో సార్వాను వదలి, నీరు తీసిన తరువాత దాళ్వాకు పరిమితం కావడం కొన్ని సందర్భాలలో మేలైన సలహా కావచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తలు చేపట్టదగిన పనులు

గ్రామాలలో ఇళ్ల గోడల మీద, గుడి మెట్ల మీద మిగిలిన వరద గుర్తులను పెద్దల సహాయంతో గుర్తించి, వాటి ఎత్తును లెవెల్ పరికరంతో కొలిచి నమోదు చేయాలి. పరికరాలు లేని కాలపు వరదలకు ఇవే సాక్ష్యాలు. కొలబద్దల రీడింగులను రోజూ తీసే బాధ్యతను స్థానిక మత్స్యకార యువతకు అప్పగించి, ఆ సమాచారాన్ని వారి గ్రామంలోనే అందరికీ కనబడేలా రాసి ఉంచాలి. తాము కొలిచిన లెక్కను ప్రజలు నమ్ముతారు. నాటు చేపల దిగుబడి, గుర్రపుడెక్కతో కంపోస్టు తయారీ వంటి జీవనోపాధులను పునరుద్ధరణ పనితో పాటే ప్రారంభించాలి, తరువాత కాదు. పని మొదలు పెట్టక ముందు కనీసం ఒక పూర్తి సంవత్సరం కొలతలు తీసి ఉంచాలి. పోల్చడానికి పునరుద్ధరించని స్థలాన్ని కూడా సమాంతరంగా పరిశీలించాలి. ఈ రెండూ లేని చోట వచ్చిన మార్పు మన పని వలన వచ్చినదా, ఆ ఏటి వర్షం వలన వచ్చినదా చెప్పడం సాధ్యం కాదు.

కొల్లేరు వంటి చోట పునరుద్ధరణను గట్ల సంఖ్యతోనో, నాటిన మొక్కల సంఖ్యతోనో కొలవడం సులభం. కాని అసలు పరీక్ష తరువాతి పెద్ద వరదలో జరుగుతుంది. ఆనాడు నీరు ఎంత వేగంగా పెరిగింది, ఎన్ని రోజులలో దిగింది, దిగిన తరువాత ఆ బురదలో ఏమి మొలిచింది అన్న మూడు ప్రశ్నలకు లెక్కలతో సమాధానం చెప్పగలిగితే క్షేత్ర జీవావరణ శాస్త్రవేత్త తన పనిని సక్రమంగా చేసినట్లు. ఆ లెక్కలు వరద రాకముందే మొదలు కావాలి.